గిడుగు మాస్టారు – పిల్లకి అందిన మాట

ఆగస్టు నెలాఖరు వస్తే మన గోడపత్రిక మీదకి గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు వస్తారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఒక ఫోటో, చుట్టూ రంగు కాగితాల అంచు, కింద వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని ఒక వాక్యం. పరీక్షలో కూడా ఆయన మనకి అంతే. పుట్టిన తేదీ, ఉద్యమం పేరు, రెండు పుస్తకాల పేర్లు రాసేస్తే మార్కులు వచ్చేస్తాయి. నిరుడు నేనూ అలాగే చదివీసాను. ఈసారి మేడమ్ నన్ను రాయమన్నాక ఆయన జీవితం మొదట్నుంచి వరసగా చదివాను. చదివితే ఉద్యమం కంటే ముందు నాకు ఒక స్కూలు మాస్టారు కనిపించారు. మన బరంపురం నుంచి ఒక పూట ప్రయాణంలో ఉన్న పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మాస్టారు. మాస్టారి నోట్లోంచి వచ్చిన మాట పిల్ల బుర్రలోకి వెళ్తోందా, గోడకి తగిలి కింద పడిపోతోందా అని ఆయన బతుకంతా చూసుకుంటూనే ఉన్నారు. మిగతావన్నీ అందులోంచే వచ్చాయని నాకనిపించింది. కాబట్టి ఈ కాగితం మీద రాసేది ఆ మాస్టారి గురించి.

ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. నాన్నగారి పేరు వీర్రాజు, అమ్మగారు వెంకమ్మ. నాన్నగారిది పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగం. తర్వాత చోడవరం బదిలీ అయ్యి, 1875లో అక్కడే పోయారు. అప్పటికి పిల్లాడికి పన్నెండేళ్లు. మేనమామ గారింట్లో ఉండి విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. ఆ స్కూల్లో ఆయనతో పాటు చదివిన ఇంకో కుర్రాడు గురజాడ అప్పారావు. ఒకే బడిలో కూర్చున్న ఇద్దరు పిల్లలు పెద్దయ్యాక తెలుగు రాసే పద్ధతినే మార్చీసారంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, అప్పుడు వాళ్లకీ ఆ సంగతి తెలీదు కదా. రామమూర్తి గారు 1879లో మెట్రిక్ ప్యాసయ్యారు. ఆ ఏడాదే పెళ్లయింది. తండ్రి లేని ఇల్లు, ఇంక చదువు ఆపి ఉద్యోగం చూసుకోవాలి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్టు ఫారం పిల్లలకి చరిత్ర చెప్పే మాస్టారుగా చేరారు. జీతం నెలకి 30 రూపాయలు. వయసు అటూ ఇటుగా పదిహేడు. అంటే ఇది రాస్తున్న నాకంటే రెండేళ్లు చిన్న.

ఉద్యోగం వచ్చింది కదా అని పుస్తకం మూసేయలేదు. పగలు పాఠాలు చెప్పుకుంటూ ప్రైవేటుగా కట్టి 1886లో ఎఫ్.ఏ., మరో పదేళ్లకి బి.ఏ. చరిత్ర ముఖ్య పాఠంగా ప్యాసయ్యారు. స్కూలు కాలేజీ అయ్యాక పై తరగతులకి కూడా చెప్పారు. దగ్గర్లోనే ఉన్న ముఖలింగం గుళ్ల మీది పాత శాసనాలు చదవడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు. పాత గంగరాజుల కళింగనగరం ఈ ముఖలింగమే అని వాదిస్తూ వ్యాసాలు రాశారు. రాతి మీద ఉన్న అక్షరం దగ్గర ఓపిగ్గా కూర్చునే అలవాటు ఆయనకి అక్కడే వచ్చినట్టుంది. తర్వాత ఈ అలవాటు ఇంకోలా పనికొచ్చింది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. ఇప్పటికీ గజపతి, రాయగడ జిల్లాల్లో, అటు శ్రీకాకుళం వైపు కూడా వాళ్ల ఊళ్లున్నాయి. సవర భాష మన తెలుగుకి గానీ ఒడియాకి గానీ చుట్టం కాదు. అది ముండా కుటుంబం భాష. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన నాలాంటి దానికి కూడా ఒక్క ముక్క అర్థం కాదు. ఆ రోజుల్లో సవర పిల్లకి బడి అంటూ ఉంటే గింటే అది కింద ఊళ్లో, తెలుగులోనో ఒడియాలోనో ఉండేది. మాస్టారు ఏదో చెప్తారు, పిల్ల ఆయన పెదాల వంక చూస్తుంది. మాస్టారు అరుస్తారు, పిల్ల భయపడి కొండెక్కి వెళ్లిపోతుంది. తర్వాత అందరూ కలిసి సవరలకి చదువు అబ్బదు అని తేల్చేస్తారు.

రామమూర్తి గారు లెక్క ఇటునుంచి అటు చేశారు. పిల్లకి మాస్టారి భాష రాదు సరే, మాస్టారికి పిల్ల భాష వచ్చా? రాదు. అలాగైతే ముందు నేర్చుకోవలసింది మాస్టారే. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, అతని దగ్గర ఏళ్ల తరబడి సవర నేర్చుకున్నారు. చదువుకోడానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. చెవితో విని రాసుకోవడమే. కొండల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది, దానికి క్వినైను మింగి మింగి చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. సవర భాషలో పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, వాటిలో మాస్టర్లకి జీతాలు తనే ఇచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. ఆయన జీతం ఎంతలో మొదలైందో పైన రాశాను కదా, ఒకసారి మళ్లీ చూడండి.

ప్రభుత్వం ఈ పని చూసి 1913లో ఒక బిరుదు ఇచ్చింది. సవర భాషకి ఇంగ్లీషులో ఆయన రాసిన వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. ఆ నిఘంటువు వచ్చేసరికి ఆయనకి డెబ్బై అయిదేళ్లు. కుర్రతనంలో మొదలుపెట్టిన పని ముసలితనంలో అచ్చయింది. ఆయన కొడుకు గిడుగు సీతాపతి గారు కూడా ఇదే దారిలో సవర భాష మీద పనిచేశారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ సవర పిల్ల కథ నన్ను ఎందుకు పట్టుకుందో మీకు తెలీదు. మా నాన్న వైపు ఒడియా, అమ్మ వైపు తెలుగు. అయిదేళ్లు వచ్చేదాకా నేను ఇచ్ఛాపురం దగ్గర మా అమ్మమ్మ ఊళ్లోనే పెరిగాను. ఒడియా అంటే సెలవులకి నాన్న వచ్చినప్పుడు చెవిన పడే చప్పుడు, అంతే. ఒకటో తరగతికి ఇక్కడికి తీసుకొచ్చి ఒడియా మీడియం స్కూల్లో వేశారు. మొదటి నెలా రెండు నెలలు నేను నోరు తెరవలేదట. మొద్దు అనుకున్నారు. ఒకరోజు తీసివేతల లెక్క. అందరూ పలక చూపిస్తున్నారు, నా పలక ఖాళీ. మా టీచరమ్మ ఒడియా ఆవిడే. బజారులో బేరాలాడుకునేంత తెలుగు వచ్చు. నా పక్కన చతికిలబడి కూర్చుని, నీ దగ్గర ఏడు జీడిపిక్కలున్నాయి, మూడు తమ్ముడికి ఇచ్చీసావు, ఇంకెన్నున్నాయమ్మా అని అడిగింది. నేను నాలుగు అన్నాను. గట్టిగానే అన్నానట. క్లాసంతా తిరిగి చూసింది.

ఆవిడ తెలుగులో యాస ఉంది, తప్పులు కూడా ఉండే ఉంటాయి. కానీ ఆ ఒక్క మాటతో నాకు రెండు సంగతులు తెలిశాయి. లెక్క నాకు వచ్చు. నా ఇంటి మాట ఈ గదిలోకి రావచ్చు. తర్వాత ఏడాది తిరిగేలోపు ఒడియా గడగడా మాట్లాడేశాను. ఇప్పుడు ఒడియాలో కలలు కూడా వస్తాయి. కానీ షాపులో చిల్లర లెక్కపెట్టినా, బస్సు టికెట్టు డబ్బులు చూసుకున్నా లోపల తెలుగులోనే లెక్కపెడతాను. పదమూడేళ్లయింది, జీడిపిక్కలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. చిన్నపిల్లకి మాస్టారి మాట ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి నాకు తెలిసిన కొలత ఇదే. అందుకే పర్లాకిమిడి కొండల్లో మొదటిసారి మాస్టారి నోట తన మాట విన్న సవర పిల్ల ముఖం ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను.

ఇప్పుడు మనకి తెలిసిన గిడుగు వారి దగ్గరికి వద్దాం. 1907లో యేట్స్ అనే ఇంగ్లీషు ఆయన ఈ ఉత్తర జిల్లాల స్కూళ్లకి ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో ఉన్న తెలుగుకీ జనం మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగారట. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఇందుకు జవాబు చెప్పగలిగినవాళ్లు గురజాడ, గిడుగు అని ఆయనకి చెప్పారు. అక్కడినుంచి నలుగురూ కలిశారు.

ఇది కూడా సవర పిల్ల కథే అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లే అనుకోండి. బడికి వస్తే వాచకంలో ఎవరూ వెళ్లరు, అందరూ ఏగుతారు. ఎవరూ చూడరు, కాంచుతారు. మాస్టారు కూడా పాఠం వివరించేటప్పుడు మామూలు తెలుగే మాట్లాడతారు. పిల్ల అదే మాట కాగితం మీద రాస్తే మాత్రం ఎర్రసిరాతో కొట్టేస్తారు. దాంతో పిల్లకి తెలుగు కంటే ముందు ఇంకోటి వచ్చేస్తుంది: నా నోట్లో ఉన్నది తప్పు, మా అమ్మ మాట్లాడేది తప్పు అని. ఈ పాఠం ఏ వాచకంలోనూ ఉండదు, కానీ ముందు బుర్రకెక్కేది ఇదే. తర్వాత ఆ పిల్ల కలం పట్టుకుంటే మాట రాదు. చెప్పాలనుకున్నది ఒకటి, రాయగలిగింది ఇంకోటి.

1911లో రామమూర్తి గారు ఉద్యోగం మానేశారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఈ గొడవలోకి పూర్తిగా దిగారు. స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుక భాషలో కూడా రాయొచ్చని ఒకసారి అనుమతి వచ్చింది. పండితులు పెద్ద ఆందోళన చేశారు, జయంతి రామయ్య పంతులు గారి వంటి గట్టివాళ్లు ఎదురు నిలిచారు. కొద్ది ఏళ్లకే ఆ అనుమతి పోయింది. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కమిటీలో ఎక్కువమంది గ్రాంథికం వైపే ఉంటే, గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. 1915లో గురజాడ పోయారు. రామమూర్తి గారికి అప్పటికి యాభై దాటాయి. బడిలో తోటి విద్యార్థి, పోరాటంలో తోడుగా ఉన్న స్నేహితుడు లేకుండా ఇంకో పాతికేళ్లు ఆయనే నడిపించారు.

ఎలా నడిపించారో చూస్తే ముఖలింగంలో శాసనాలు చదివిన కుర్రాడు కనిపిస్తాడు. సభల్లో ఊరికే ఆవేశపడేవారు కాదు. పాత శాసనాలు, పాత వచనాలు, వ్యాఖ్యానాలు వెతికి, చూడండి, పూర్వం వాళ్లు కూడా తమ కాలపు వాడుక మాటలు రాశారు అని ఉదాహరణలు కుప్పపోసేవారు. గ్రాంథికమే కావాలి అనే పండితుల రాతల్లోనే వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించేవారు. అంటే గ్రాంథికం రానందుకు దాన్ని వద్దనలేదు. ఎదుటివాళ్ల కంటే బాగా వచ్చి, ఇంత కష్టమైంది పిల్లల నెత్తిన ఎందుకు పెడతారని అడిగారు. 1919లో తెలుగు అని ఒక పత్రిక కూడా పెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు. ఆయన మాత్రం ఊరూరూ తిరగడం మానలేదు. చెవి వినపడని పెద్దాయన ఎదుటివాళ్లతో వాదించడానికి సభలకి వెళ్లడం ఎంత కష్టమో ఆలోచించండి. 1920ల నడుమకి వచ్చేసరికి గాలి మారింది. వ్యతిరేకించినవాళ్లలో కొందరు ఇటు వచ్చారు. 1933లో ఆయనకి డెబ్బై ఏళ్లు నిండితే పండితులూ శిష్యులూ కలిసి సన్మాన సంచిక వేశారు.

ఒక్క సంగతి మాత్రం నేను దాచకుండా రాస్తాను. ఆయన కోరిన వాడుక భాష అంటే చదువుకున్నవాళ్ల నోట్లో ఉండే శిష్ట వ్యావహారికం. మా అమ్మమ్మ తెలుగు అందులో లేదు. ఆవిడ ఏటి, ఎలగ, తినీసాను, ఒచ్చీసాను అంటుంది. పై పేరాల్లో నా చేతిలోంచి కూడా అక్కడక్కడా జారాయి, చూసే ఉంటారు. మొదటి సంవత్సరంలో ఇలా మాట్లాడితే మనలో మనమే నవ్వుకునేవాళ్లం. గిడుగు మాస్టారు తలుపు తీశారు, కానీ ఆ తలుపులోంచి అందరూ ఒకేసారి లోపలికి రాలేదు. దీనికి ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గడియ తీసినవాళ్లనే ఇల్లంతా కట్టమంటే ఎలా? మిగతాది తర్వాతివాళ్ల పని. ఆ తర్వాతివాళ్లలో మనం కూడా ఉన్నాం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వచ్చింది. పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది. అలా వెళ్లకూడదని రామమూర్తి గారు గట్టిగా కోరుకున్నారు. వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఉండలేక, యాభై ఏళ్లకి పైగా ఉన్న ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వచ్చీసారు. ఈ సంగతి మా ఇంట్లో చదివి వినిపిస్తే అమ్మ అయ్యో పాపం అంది. నాన్న మాత్రం పేపరు పక్కన పెట్టి, మరి మా వాళ్ల సంగతో అన్నారు. గంజాం మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు ఒడియా పిల్లలు తెలుగు బళ్లలో, ఒడియా జనం తెలుగు కచేరీల్లో ఇలాగే నోరు మూసుకుని కూర్చున్నారట. ప్రత్యేక ఒడిశా కోసం ముందు నిలబడినవాళ్లలో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి గారు ఒకరు. మన మాస్టారికి మొదట 30 రూపాయల జీతమిచ్చింది ఆ వంశం వారి స్కూలే. ఇద్దరూ కోరింది ఒకటే, మా పిల్లకి మా మాటలో చదువు అని. కోరిక ఒకటే అయినా గీత గీసేసరికి ఒకరు ఇటు, ఒకరు అటు. నాన్నా అమ్మా ఆ రాత్రి చాలాసేపు వాదించుకున్నారు, ఆయన ఒడియాలో, ఆవిడ తెలుగులో. ఇద్దరికీ ఇద్దరి మాటా పూర్తిగా అర్థమవుతుంది కాబట్టి ఎవరూ ఓడలేదు.

ఆ గీత గీసేటప్పుడు కొండ మీద సవరల్ని మీకేం కావాలని అడిగినవాళ్లు తక్కువే. కానీ అదే 1936లో మంగేయి గమాంగో అనే సవర ఆయన తమ భాషకి సొరాంగ్ సోంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. వాళ్ల మాటకి అక్షరం వాళ్లే వేసుకున్నారు. గిడుగు మాస్టారు ఆ ఏడాదే పర్లాకిమిడి విడిచి వెళ్లారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బాధా సంతోషమూ కలిసి వచ్చాయి.

రాజమండ్రిలో ఉన్నా సవర నిఘంటువు పని ఆగలేదు, రెండేళ్లకి అది అచ్చయిందని ముందే రాశాను. 1940 జనవరి 22న మద్రాసులో ఆయన కన్నుమూశారు. ఈరోజు మనం చదివే వార్త, కథ, ఈ గోడ మీద నేను రాస్తున్న ఈ వ్యాసం, అన్నీ ఆయన అడిగిన తెలుగులోనే ఉన్నాయి. ఎంతగా గెలిచారంటే, ఆయన దేనికోసం కొట్లాడారో మనకి విడిగా చెప్తే గానీ తెలీదు. సవర పని మాత్రం ఆగస్టు 29న వేసే బోర్డుల మీద పెద్దగా కనపడదు. నా మటుకు నాకు అదే ముందు రాయాలనిపిస్తుంది. సొంత భాష కోసం పోరాడినవాళ్లు చాలామంది. తనది కాని భాషని, దాన్ని మాట్లాడే పిల్ల కోసం కూర్చుని నేర్చుకున్న మాస్టర్లు ఎంతమంది?

మన హాస్టల్లో సవర అమ్మాయిలున్నారు. మనం వాళ్లతో ఒడియాలోనో, వచ్చీరాని హిందీలోనో మాట్లాడతాం. వాళ్లు మన భాషలు మూడు నేర్చుకున్నారు. వాళ్ల భాషలో మనకి ఎన్ని మాటలు వచ్చో ఎవరికి వాళ్లం లెక్కేసుకుందాం. తెలుగుని ఇక్కడ ఎవరూ పట్టించుకోవడం లేదని మనం మీటింగులో అంటూ ఉంటాం. అది నిజమే. అలా అనే హక్కు మనకెంతుందో, వాళ్ల మాట వినాల్సిన పని కూడా మనకంతే ఉంది.

ఈ వ్యాసం కింద ఒక తెల్లకాగితం అంటించాను, పక్కన పెన్సిలు దారంతో కట్టాను. చిన్నప్పుడు మీ మాస్టారో టీచరమ్మో అన్న మాట ఒకటి మీలో ఉండిపోయి ఉంటుంది. మంచిదైనా సరే, గుచ్చుకున్నదైనా సరే, దాన్ని అక్కడ రాయండి. పేర్లు వద్దు. ఏ భాషలో విన్నారో ఆ భాషలోనే, ఏ యాసలో విన్నారో ఆ యాసలోనే రాయండి. ఒడియా, సవర, తెలుగు ఏదైనా పర్వాలేదు. మేడమ్ గారు ఎర్రసిరా పెట్టనని మాటిచ్చారు. ముందుగా జీడిపిక్కల లెక్క నేను రాసి పెట్టాను.